జగ్గయ్యపేట టు నందిగామ 15 సెకన్లు: అమెరికా ప్రయోగ విమానాల కథ, అందులో మనవాళ్లు

ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. ఇవాళ కొంచెం స్పీడుగా వెళ్దాం.

జగ్గయ్యపేట నుంచి నందిగామ ఎంత దూరం? లెక్క తేలిగ్గా ఉండటానికి 30 కిలోమీటర్లు అనుకుందాం. పల్లెవెలుగు బస్సు ఎక్కితే ప్రతి స్టేజీలో ఆగుతూ గంట పట్టినా పడుతుంది. బైకు మీద అరగంట. 1967 అక్టోబరు 3న పీట్ నైట్ అనే అమెరికా పైలట్ ఎక్స్-15 అనే విమానంలో గంటకి 7,274 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఆ వేగంతో పోతే జగ్గయ్యపేట నుంచి నందిగామకి 15 సెకన్లు. హెల్మెట్ బెల్టు పెట్టుకునే లోపు ఊరొచ్చేస్తుంది. మనిషి లోపల కూర్చుని ఇంజిన్ బలంతో నడిపిన విమానాల్లో ఇప్పటికీ అదే రికార్డు. దాదాపు 60 ఏళ్లయింది, ఎవరూ దాటలేదు.

ఇదంతా జరిగింది కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో. అక్కడ రోజర్స్ లేక్ అని ఒక ఎండిపోయిన చెరువు ఉంది. చెరువంటే మన ఊరి చెరువు కాదు, కిలోమీటర్ల కొద్దీ బల్లపరుపుగా, సిమెంటు పోసినట్టు గట్టిగా ఉండే నేల. విమానం అదుపు తప్పితే ఎటు తిప్పినా రన్‌వేనే. దాని పక్కన ఉన్నదే ఎడ్వర్డ్స్ ఎయిర్‌ఫోర్స్ బేస్. ఇవాళ్టి కథ దాని చుట్టూనే తిరుగుతుంది. ఈ కథ చివరికి ఇద్దరు మనవాళ్ల దగ్గరికి వస్తుంది. ఒకరు రాజా చారి, తెలంగాణ మూలాలున్న అమెరికా ఎయిర్‌ఫోర్స్ పైలట్. ఇంకొకరు శిరీష బండ్ల, మన చీరాల, తెనాలి వైపు అమ్మాయి. వీళ్లిద్దరి పేర్లూ న్యూస్‌లో విన్నాం, స్టేటస్‌లు పెట్టుకున్నాం, మర్చిపోయాం. కానీ వాళ్లు కూర్చున్న సీటు వెనక ఎంత చరిత్ర ఉందో, ఎన్ని ప్రాణాలు పోయాయో ఎవరూ చెప్పలేదు. అది ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు ఒక చిన్న సంగతి. అమెరికా విమానాల పేర్లలో ఎఫ్ అంటే ఫైటర్, యుద్ధ విమానం. ఎక్స్ అంటే ప్రయోగ విమానం. ఎక్స్ విమానం యుద్ధానికి పనికిరాదు, సరుకు మొయ్యదు. దాని పని ఒకటే, ఒక ప్రశ్న అడగటం. దానికి దొరికిన జవాబు తర్వాతి ఫైటర్‌లోకి వెళ్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే మిగతా కథంతా అర్థమైపోతుంది.

మొదటి ప్రశ్న: ధ్వని వేగం దగ్గర విమానానికి ఏమవుతుంది?

రెండో ప్రపంచ యుద్ధం నాటికే పైలట్లకి ఒక భయం పట్టుకుంది. పీ-38 లాంటి విమానాల్ని నిట్టనిలువుగా కిందికి డైవ్ చేస్తే, వేగం బాగా పెరిగాక కంట్రోల్ కర్ర బిగుసుకుపోయేది. ఎంత లాగినా ముక్కు పైకి లేచేది కాదు. ఎందుకలాగ? ముక్త్యాల రేవులో పడవ వెళ్తుంటే చూడండి. మెల్లగా వెళ్తే అలలు పడవ కంటే ముందుకి పరిగెడతాయి. పడవ స్పీడు పెంచితే అలలు తప్పుకోలేక ముందు భాగంలో గుట్టగా పేరుకుంటాయి. గాలిలో కూడా అంతే. విమానం ధ్వని వేగాన్ని అందుకుంటుంటే ముందున్న గాలికి తప్పుకునే టైము ఉండదు. గట్టి గోడలాంటి అల ఏర్పడుతుంది, దాన్నే షాక్‌వేవ్ అంటాం. అది తోక మీద పడితే, తోక వెనక అంచున కదిలే చిన్న రెక్కకి తగలాల్సిన గాలి సరిగ్గా తగలదు. పైలట్ కర్ర లాగుతాడు, ఆ రెక్క కదులుతుంది, విమానం మాత్రం వినదు. 1946లో ఇంగ్లండులో జెఫ్రీ డి హావిలాండ్ అనే పైలట్ ఈ వేగాల దగ్గరే విమానం ముక్కలై చనిపోయాడు. ఇక దీన్ని దాటలేం అని చాలామంది అనుకున్నారు.

అప్పుడు బెల్ కంపెనీ ఎక్స్-1 కట్టింది. ఆకారం ఎక్కడ్నుంచి తీసుకున్నారో తెలుసా? తుపాకీ గుండు నుంచి. మెషీన్‌గన్ గుండు ధ్వని కంటే వేగంగా తిన్నగా వెళ్తుందని అప్పటికే తెలుసు కాబట్టి, అదే ఆకారానికి రెక్కలు పెట్టారు. కింద నుంచి ఎగిరితే ఇంధనం చాలదని బీ-29 బాంబర్ పొట్ట కింద తగిలించి, పైకి తీసుకెళ్లి వదిలేసేవాళ్లు. ఈ "పెద్ద విమానం కింద తగిలించి వదలడం" అనేది గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

పైలట్ చక్ యేగర్. 24 ఏళ్లవాడు. అసలు ప్రయత్నానికి రెండు రోజుల ముందు రాత్రి గుర్రం మీద నుంచి పడి రెండు పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు. పైవాళ్లకి చెబితే ఇంకొకర్ని ఎక్కిస్తారు. అందుకని చెప్పలేదు. కానీ ఎక్స్-1 తలుపు వెయ్యాలంటే బలంగా నొక్కాలి, విరిగిన ఎముకలతో చెయ్యి లేవదు. అతని స్నేహితుడు, ఇంజినీర్ జాక్ రిడ్లీ ఒక చీపురు కర్ర ముక్క కోసిచ్చాడు, తలుపు గడియని దాంతో తొయ్యమని. 1947 అక్టోబరు 14న యేగర్ 1.06 మాక్ దాటాడు. మాక్ 1 అంటే ధ్వని వేగం.

చీపురు కర్ర కథ అందరూ చెబుతారు, సినిమాల్లో కూడా వచ్చింది. నాకు మాత్రం రిడ్లీ చేసిన ఇంకో పని ఎక్కువ నచ్చుతుంది. అంతకు ముందు ఫ్లైట్‌లో 0.94 మాక్ దగ్గర యేగర్‌కి కూడా ఆ పాత జబ్బే వచ్చింది, కర్ర లాగితే విమానం వినలేదు. రిడ్లీ లెక్కలు వేసి, తోక చివరి చిన్న భాగాన్ని కాదు, అడ్డంగా ఉన్న మొత్తం తోకనే కదిలించు అన్నాడు. ఎక్స్-1లో ఆ ఏర్పాటు ఉంది. పనిచేసింది! ఆ జవాబు తర్వాత ఎఫ్-86 సేబర్ అనే ఫైటర్‌లోకి వెళ్లింది, దాని ఈ మోడల్ నుంచి తోక మొత్తం కదిలేది. కొరియా యుద్ధంలో రష్యన్ మిగ్-15 మీద సేబర్ నిలబడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఇప్పటి సూపర్‌సానిక్ ఫైటర్లలో తోక ఉన్నవాటిని చూడండి, దాదాపు అన్నిటికీ మొత్తం తోకే కదులుతుంది.

ధ్వని వేగం దాటేశారు కదా, ఇక అయిపోయిందా? లేదు. 1953లో కాన్వెయిర్ కంపెనీ ఎఫ్-102 అనే త్రిభుజం రెక్కల ఫైటర్ తయారు చేసింది. కాగితం మీద సూపర్‌సానిక్. ఎగరేస్తే తిన్నగా వెళ్లేటప్పుడు ధ్వని వేగం దాటలేకపోయింది. కోట్ల డాలర్ల ప్రాజెక్టు, ఫ్యాక్టరీలో అచ్చులు కూడా సిద్ధం. అదే టైములో రిచర్డ్ విట్‌కూంబ్ అనే ఇంజినీర్ గాలి సొరంగంలో నమూనాలు పెట్టి చూస్తూ ఒక విషయం పట్టుకున్నాడు. గాలి రెక్కని వేరుగా, బాడీని వేరుగా చూడదు. మొత్తం అడ్డకోత ఎంత లావుందన్నదే దానికి ముఖ్యం. రెక్కలు మొదలయ్యే చోట ఆ లావు ఒక్కసారిగా పెరుగుతుంది. కాబట్టి అక్కడ బాడీని నొక్కి నడుము సన్నం చెయ్యాలి. కూల్‌డ్రింక్ సీసా పట్టుకుంటాం చూడండి, ఆ ఆకారం. ఎఫ్-102కి అలా నడుము పెట్టి మళ్లీ కట్టారు. 1954 డిసెంబరు 20న ఎగిరింది, మర్నాడే ధ్వని వేగం దాటింది. దీనికి ఏరియా రూల్ అని పేరు. ఎంపీసీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అడ్డకోత వైశాల్యం అని లెక్కల బుక్‌లో ఉంటుందే, అది పరీక్షలో మార్కులకి మాత్రమే కాదు.

ఇప్పుడు మళ్లీ మన 15 సెకన్ల విమానం దగ్గరికి వద్దాం.

ఎక్స్-15 మూడు కట్టారు. 1959 నుంచి 1968 దాకా 199 సార్లు ఎగిరాయి. బీ-52 రెక్క కింద తగిలించి తీసుకెళ్లి వదిలేవాళ్లు. ఆ వేగానికి గాలి రాపిడితో ఒళ్లంతా కాలిపోతుంది కాబట్టి అల్యూమినియం పనికిరాదు, ఇంకోనెల్ అనే నికెల్ లోహం వాడారు. చాలా పైకి వెళ్తే రెక్కలకీ తోకకీ ఆధారమైన గాలే ఉండదు, అప్పుడు విమానాన్ని తిప్పడానికి ముక్కులో, రెక్కల్లో చిన్న చిన్న గ్యాస్ జెట్లు పెట్టారు. చంద్రుడి మీద కాలు పెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతకు ముందు దీన్ని ఏడుసార్లు నడిపాడు. 1963లో జో వాకర్ దీంతో దాదాపు 108 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లాడు. అంటే విమానంలో అంతరిక్షం అంచు దాటాడు.

కానీ 1967 నవంబరు 15న మైక్ ఆడమ్స్ తిరిగి రాలేదు. పైనుంచి గాలిలోకి దిగేటప్పుడు విమానం పక్కకి తిరిగిపోయింది, గిరగిరా తిరిగి ముక్కలైంది. రెక్కలున్న యంత్రం పలచటి గాలి నుంచి చిక్కటి గాలిలోకి వచ్చేటప్పుడు ముక్కు సరైన దిక్కులో, సరైన కోణంలో ఉండి తీరాలి. కాస్త తేడా వస్తే క్షమించదు.

ఈ సమస్య మీద అదే ఎడారిలో, ఎడ్వర్డ్స్‌కి దగ్గర్లోనే ఉన్న మొహావీ అనే చిన్న ఊళ్లో బర్ట్ రూటన్ అనే డిజైనర్ పని చేశాడు. ఆయన జవాబు చూస్తే నవ్వొస్తుంది, అంత సింపుల్. షటిల్ ఆడతాం కదా, కాక్‌ని ఎలా విసిరినా బరువైన తల ముందుకీ ఈకలు వెనక్కీ సర్దుకుంటాయి. ఎవరూ తిప్పక్కర్లేదు. రూటన్ తన స్పేస్‌షిప్‌వన్‌కి అదే పెట్టాడు. పైకి వెళ్లాక తోక భాగం మొత్తం మడత పడి నిటారుగా లేస్తుంది, విమానం షటిల్ కాక్ లాగా దానంతటదే సర్దుకుని దిగుతుంది, కిందికొచ్చాక తోక మళ్లీ దించితే గ్లైడర్. దీనికి ఫెదర్ అని పేరు. 2004 అక్టోబరు 4న బ్రయన్ బిన్నీ దీంతో 112 కిలోమీటర్లు ఎక్కి ఎక్స్-15 ఎత్తు రికార్డు దాటాడు. దీన్ని కూడా పెద్ద విమానం కిందే తగిలించి వదిలారు. ఎక్స్-1 పద్ధతే, 57 ఏళ్ల తర్వాత.

ఇక్కడ్నుంచి కథ మన దగ్గరికి వస్తుంది, కొంచెం జాగ్రత్తగా వినండి.

అదే డిజైన్‌ని పెద్దది చేసి స్పేస్‌షిప్‌టూ కట్టారు, వర్జిన్ గెలాక్టిక్ కోసం. 2014 అక్టోబరు 31న మొహావీ మీద పరీక్ష. లోపల ఇద్దరు. ఫెదర్‌కి ఉన్న తాళం విమానం సుమారు 1.4 మాక్ దాటాక తియ్యాలి. కో-పైలట్ మైకేల్ ఆల్స్‌బరీ, ఇంకా ధ్వని వేగం కూడా అందుకోకముందే ఆ తాళం తీసేశాడు. ఆ దశలో గాలి తోడుతో తోక దానంతటదే లేచిపోయింది. కొన్ని సెకన్లలో విమానం ముక్కలు. ఆల్స్‌బరీ చనిపోయాడు. పైలట్ పీటర్ సీబోల్డ్ పారాచూట్‌తో బతికి బయటపడ్డాడు.

మన దగ్గరైతే "డ్రైవర్ తప్పు" అని రాసేసి ఫైలు మూసేసేవాళ్లేమో. అక్కడి దర్యాప్తు సంస్థ 2015లో ఏం చెప్పిందంటే, ఒక్క మనిషి ఒక్క పొరపాటు చేస్తే విమానం కూలిపోయేలా డిజైన్ ఉంది, అలాంటి పొరపాటు జరగొచ్చని డిజైన్ చేసిన కంపెనీ ఆలోచించలేదు అని. తర్వాత కట్టిన యూనిటీ అనే విమానంలో, తియ్యకూడని టైములో ఆ తాళం రాకుండా అడ్డు పెట్టారు.

2021 జూలై 11న ఆ యూనిటీలోనే శిరీష బండ్ల కూర్చుంది. పర్డ్యూ యూనివర్సిటీలో ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివి, ఆ కంపెనీలోనే ఉద్యోగం చేస్తున్న మనిషి. సుమారు 86 కిలోమీటర్ల ఎత్తు, కొన్ని నిమిషాల భారరహిత స్థితి, చేతిలో ఫ్లోరిడా యూనివర్సిటీవాళ్ల మొక్కల ప్రయోగం. టీవీల్లో "తెలుగమ్మాయి అంతరిక్షంలోకి" అని మోగిపోయింది. దాంతోపాటే సోషల్ మీడియాలో కొంతమంది "100 కిలోమీటర్లు లేదుగా, అదేం అంతరిక్షం" అని వెటకారం చేశారు. అమెరికా లెక్కలో 80 కిలోమీటర్లు దాటితే చాలు, వేరేవాళ్ల లెక్కలో 100. ఆ వాదన అలా ఉంచండి. నేను చూసేది వేరే. ఏడేళ్ల కింద తోక తప్పుడు టైములో లేచి ఒక మనిషి ప్రాణం పోయింది. ఏడేళ్ల తర్వాత అదే రకం తోక లేచి, మళ్లీ దిగి, ఆ అమ్మాయిని క్షేమంగా నేలకి దించింది.

సరే, ఫైటర్ల దారికి వద్దాం. వియత్నాం యుద్ధానికి అమెరికా ఎఫ్-4 ఫాంటమ్ తీసుకెళ్లింది. మిసైళ్లు వచ్చేశాయి కదా ఇక తుపాకీ ఎందుకని మొదటి మోడళ్లలో అసలు గన్నే పెట్టలేదు. మిసైళ్లేమో చాలాసార్లు తుస్సుమన్నాయి, చిన్న మిగ్‌లేమో దగ్గరికొచ్చి గిరగిరా తిరిగేవి. తర్వాత గన్ను పెట్టారనుకోండి. ఆ అవమానం నుంచి పుట్టిందే తేలికైన, చురుకైన ఎఫ్-16.

దీనిలో ఒక వింత ఉంది. మామూలు విమానాన్ని వదిలేస్తే తిన్నగా వెళ్తుంది. ఎఫ్-16ని కావాలనే కొంచెం నిలకడ లేకుండా చేశారు. అరచేతి మీద కర్రని నిలబెట్టి ఆడతాం చూడండి, అలాగ. కర్ర ఎటైనా పడటానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది కాబట్టే చటుక్కున తిప్పొచ్చు. కానీ క్షణక్షణం సర్దుతూ ఉండాలి, మనిషి వల్ల కాదు. అందుకే పైలట్ చేతికీ రెక్కలకీ మధ్య కంప్యూటర్ పెట్టారు. పైలట్ ఏం కావాలో చెబుతాడు, రెక్కల్ని కంప్యూటర్ కదిలిస్తుంది. దీనే ఫ్లై-బై-వైర్.

మొదటి రోజే భయపెట్టింది. 1974 జనవరి 20న ఎగరకుండా రన్‌వే మీద పరిగెత్తించే టెస్ట్. కంట్రోల్ మరీ సున్నితంగా పెట్టారు, విమానం ఎడమా కుడీ ఊగిపోయి తోక నేలకి తగిలింది. పక్కకి జారిపోతోంది. పైలట్ ఫిల్ ఓస్ట్రైకర్ ఒక్క క్షణంలో నిర్ణయం తీసుకుని గాల్లోకి లేపేశాడు, ఆరు నిమిషాలు తిప్పి క్షేమంగా దించాడు. ప్లాన్‌లో లేని తొలి ప్రయాణం!

ఈ ఎఫ్-16లలోనే ఒకదాన్ని వేరే విమానాల స్వభావం నటించేలా మార్చారు, దాని పేరు విస్టా. మన తేజస్ కూడా నిలకడ లేకుండా కట్టిన విమానమే కాబట్టి, దాని కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌ని 1996లో ఈ విస్టా మీద 33 ఫ్లైట్లలో పరీక్షించి చూశారు. 1998 మేలో పోఖ్రాన్ అణు పరీక్షలు, వెంటనే అమెరికా ఆంక్షలు. లాక్‌హీడ్ మార్టిన్ సాయం ఆగిపోయింది. మన ఇంజినీర్లు మిగతాది ఇక్కడే కూర్చుని పూర్తి చేశారు. 2001 జనవరి 4న తేజస్ బెంగళూరులో ఎగిరింది. ఆ ప్రోగ్రామ్‌ని నడిపించిన కోట హరినారాయణ గారు ఆ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ చాన్సలర్‌గా వచ్చారు. ఆ విస్టా సంగతేమో, ఇప్పుడు దాని పేరు ఎక్స్-62ఏ. 2023లో ఎడ్వర్డ్స్ దగ్గర ఏఐ దాన్ని నడిపి, మనిషి నడిపే ఎఫ్-16తో గాల్లో తలపడింది.

స్టెల్త్ గురించి పెద్ద వీడియో వేరే చెయ్యాలి, ఇక్కడ ఒక్క ముక్క. ఎఫ్-117 ఎందుకు పలకలు పలకలుగా, వజ్రం చెక్కినట్టు ఉంటుంది? అప్పటి కంప్యూటర్లకి వంపు తిరిగిన ఒంటి మీద రాడార్ తరంగాలు ఎలా చెదురుతాయో లెక్క కట్టే శక్తి లేదు, చదును పలకలకే లెక్క వచ్చేది. దానికి వాడిన గణితం ప్యోటర్ ఉఫిమ్‌త్సెవ్ అనే సోవియట్ శాస్త్రవేత్త 1962లో అచ్చువేసింది. వాళ్ల దేశంలో దాన్ని దాచాల్సినంత ముఖ్యమనుకోలేదు. కంప్యూటర్లు పెరిగాక ఎఫ్-22, ఎఫ్-35 నున్నటి వంపులతో వచ్చాయి.

ఎఫ్-35 కూడా ముందు ఎక్స్-35గానే పుట్టింది. బోయింగ్ ఎక్స్-32తో పోటీపడి 2001 అక్టోబరులో గెలిచింది. కానీ పోటీ గెలవడం వేరు, పనిచేసే ఫైటర్ కావడం వేరు. 80 లక్షల లైన్లకి పైగా కోడ్ ఉన్న విమానం అది. ఆలస్యాలు, ఖర్చులు, తిట్లు, అన్నీ తింది. తినాల్సినవే అని నా అభిప్రాయం. దాన్ని ఎడ్వర్డ్స్‌లో పరీక్షించే 461వ స్క్వాడ్రన్‌కి కమాండర్‌గా, ఎఫ్-35 టెస్ట్ బృందానికి డైరెక్టర్‌గా పనిచేసిన మనిషే రాజా చారి. వాళ్ల నాన్న శ్రీనివాస్ చారి ఇంజినీరింగ్ చదువుకోవడానికి హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లారు. రాజా అక్కడే పుట్టి, ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, ఎంఐటీ, టెస్ట్ పైలట్ స్కూల్ చదివి, ఎఫ్-15ఈ మీద ఇరాక్ యుద్ధంలో ఎగిరాడు.

టెస్ట్ పైలట్ అంటే సినిమా హీరో లాగా దూసుకుపోవడం అనుకుంటాం. అసలు పని దానికి పూర్తిగా వ్యతిరేకం. ఇవాళ ఫలానా ఎత్తు, ఫలానా వేగం, ఫలానా కోణం. అంతే, దాటకూడదు. దిగి రిపోర్ట్ రాయాలి. రేపు ఇంకొంచెం. ఇలా వేల మెట్లు. యేగర్ కాలంలో విరిగిన ఎముక దాచిపెట్టి ఎక్కితే కథ అయింది, చారి కాలంలో ఎవరన్నా అలా చేస్తే మళ్లీ ఎక్కనివ్వరు. 2021 నవంబరులో చారి స్పేస్‌ఎక్స్ క్రూ-3కి కమాండర్‌గా అంతరిక్ష కేంద్రానికి వెళ్లి, 2022 మేలో తిరిగొచ్చాడు.

ఇక మన రోడ్డు. జగ్గయ్యపేటలో హైవే ఎక్కి కోదాడ, సూర్యాపేట దాటి హైదరాబాద్ వెళ్తే, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్ వస్తుంది. దాని మీద కాస్త పోతే ఆదిభట్ల. అక్కడ టాటా, లాక్‌హీడ్ కలిసి సీ-130జే రవాణా విమానాల తోకలు కడుతున్నాయి. ఎఫ్-16 రెక్కలు కూడా అక్కడ చేస్తామని 2018లో ప్రకటించారు, 2021లో నమూనా రెక్క తయారైంది. పక్కనే టాటా-బోయింగ్ ఫ్యాక్టరీలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు. ఐటీఐ ఫిట్టర్, డిప్లొమా మెకానికల్ చదివినవాళ్లకి కూడా ఇలాంటి చోట పనులుంటాయి. మన వైపు పిల్లలు హైదరాబాద్ అనగానే అమీర్‌పేట ఒక్కటే చూస్తారు, అందుకే చెబుతున్నా.

కొత్త ఎక్స్ విమానం కూడా వచ్చింది. ఎక్స్-59. 2025 అక్టోబరు 28న మొదటిసారి ఎగిరి ఎడ్వర్డ్స్‌లో దిగింది. దాని ప్రశ్న ఏమిటంటే, ధ్వని వేగం దాటినా కింద ఊళ్లో "ఢాం" అనకుండా వెళ్లొచ్చా అని. అందుకే పొడవులో దాదాపు మూడో వంతు ముక్కే. ముక్కు అంత పొడుగు కావడంతో పైలట్‌కి ముందు అద్దమే లేదు, కెమెరా పెట్టి స్క్రీన్ మీద చూసుకుంటాడు. చక్రాల గేరు ఎఫ్-16 నుంచి తెచ్చి పెట్టారు. ఇంజిన్ జీఈ ఎఫ్414, మన తేజస్ మార్క్-2 కోసం ఎంచుకున్నది ఆ కుటుంబం ఇంజినే. దాని జవాబు ఇంకా రాలేదు, పరీక్షలు నడుస్తున్నాయి.